తోకచుక్క పేరులో ఉన్న షూమేకర్ ‘ఆయన’ ఒక్కడే కాదు: కరొలిన్ షూమేకర్ గురించి తెలిసినవాళ్ళు రాయండి

గుంటూరు_అమ్మ
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో సైన్స్ ప్రదర్శనకి గురుగ్రహాన్ని ఢీకొన్న తోకచుక్క మీద చార్టు చేస్తోంది. నిన్న రాత్రి రాసింది చదివి వినిపించింది: “షూమేకర్-లెవీ 9 తోకచుక్కను 1993లో షూమేకర్ అనే శాస్త్రవేత్త తన స్నేహితుడు లెవీతో కలిసి కనిపెట్టాడు.” నాకెందుకో ఆ ‘కనిపెట్టాడు’ దగ్గర అనుమానం వచ్చింది. వెతికితే షూమేకర్లు ఇద్దరట, భార్యాభర్తలు. ఆ తోకచుక్క మొదట కనబడింది భార్య కంటికట. పైగా ఆవిడ ఈ పనిలోకి వచ్చింది యాభై ఒకటో ఏట! అంతకుముందు ముగ్గురు పిల్లల్ని పెంచుకుంటూ ఇంట్లో ఉన్నావిడ. యాభై దాటాక కూడా ఎవరైనా సాధించవచ్చని చూపిన ‘మార్గదర్శి అయిన శాస్త్రవేత్త’ అని రాశారు ఆవిడ గురించి. ఇది చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు. ప్రదర్శన వచ్చే శనివారం. అమ్మాయి చేత సరిగ్గా రాయించాలి. తెలిసినవాళ్ళు చెప్పరూ?

చుక్కల_పాతకాపు
మంచి దారం మొదలుపెట్టావమ్మా. కరొలిన్ షూమేకర్ పేరు మన వైపు వినబడేదే తక్కువ. నాకు తెలిసింది రాస్తాను, కొంచెం పెద్దదే అవుతుంది.

పుట్టింది 1929 జూన్ 24న, అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం, గాలప్ అనే ఊళ్ళో. పెరిగింది కాలిఫోర్నియాలోని చికోలో. అక్కడే కాలేజీలో చరిత్ర, రాజనీతిశాస్త్రం చదివింది. సైన్సు కాదు, గమనించండి. అన్నదమ్ముడు రిచర్డ్‌కి కాల్‌టెక్‌ అనే సైన్సు విశ్వవిద్యాలయంలో రూమ్మేటు యూజీన్ షూమేకర్ అనే భూగర్భశాస్త్ర విద్యార్థి. అందరూ జీన్ అనేవారు. రిచర్డ్ పెళ్ళిలో వీళ్ళిద్దరికీ పరిచయం. 1951 ఆగస్టులో పెళ్ళి. కరొలిన్ కొన్నాళ్ళు బడిలో పాఠాలు చెప్పింది కానీ ఆ పని ఆవిడకు నచ్చలేదు. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. 

జీన్ సామాన్యుడేం కాదు. అరిజోనాలోని పెద్ద గుంత ఉల్క పడి ఏర్పడిందే అని ఋజువులతో తేల్చినవాడు. అదే రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్ ఊళ్ళో అమెరికా భూగర్భ సర్వే వాళ్ళ గ్రహశాస్త్ర విభాగం మొదలుపెట్టినవాడు. చంద్రుడి మీదికి వెళ్ళాలనుకున్నాడు, ఆడిసన్స్ అనే అడ్రినల్ గ్రంథుల జబ్బు వల్ల కుదరలేదు. గుంతలు చేసే రాళ్ళు ఆకాశంలో ఎన్ని తిరుగుతున్నాయో లెక్క తేలాలి కదా? అందుకు కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండ మీద 18 అంగుళాల ష్మిట్ టెలిస్కోపుతో (ఆకాశంలో పెద్ద ముక్కని ఒకేసారి ఫోటో తీసే రకం) వెతుకులాట మొదలైంది. పిల్లలు పెద్దవాళ్ళై ఇల్లు ఖాళీ అయ్యాక, 1980లో కరొలిన్ ఆ పనిలో చేరింది. 1983లో మొదటి తోకచుక్క దొరికింది. చివరికి లెక్క 32 తోకచుక్కలు. అప్పటికి ఏ ఒక్కరి పేరు మీదా అన్ని లేవు. ఆవిడ పట్టిన వాటిలో అధికారికంగా నంబర్లు పడ్డ గ్రహశకలాలు 300 పైచిలుకు.

తర్కం
గౌరవంతోనే అడుగుతున్నాను. భర్తకి టెలిస్కోపు అందుబాటులో ఉంది, ప్రాజెక్టు ఆయనది, ఆలోచన ఆయనది. ఆవిడ ఆ టెలిస్కోపుతో తీసిన ఫోటోల ఫిల్ములు చూసింది. చూసిన వాటిలో తోకచుక్కలు దొరికాయి. దీన్ని ‘మార్గదర్శి అయిన శాస్త్రవేత్త’ అనవచ్చా? యాభై ఏళ్ళు దాటాక ఎవరైనా సాధించవచ్చని దీన్ని చూపించడం కూడా నాకు సరిగ్గా అనిపించదు. ఆ తలుపు అందరికీ తెరిచి ఉండదు కదా.

గుంటూరు_అమ్మ
తర్కం గారూ, రెండో మాట నేనూ ఒప్పుకుంటాను. అందరికీ ఆ అవకాశం రాదు. మొదటి మాటే మనసు ఒప్పుకోవడం లేదు. కానీ ఎలా జవాబివ్వాలో తెలియడం లేదు.

ల్యాబ్_అక్క
దీనికి నేను జవాబిస్తాను. నేను ఖగోళం చదివినదాన్ని కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా మలేరియా స్లైడ్లు.

“ఫిల్ములు చూసింది” అన్నారు. మా దగ్గరా అలాగే అనేవారు, “స్లైడ్లే కదమ్మా చూసేది” అని. రక్తపు చుక్క గాజు పలక మీద ఆరబెట్టి, జేఎస్‌బీ స్టెయిన్ అనే రంగు వేసి, ఆయిల్ వేసి, వందో నంబరు లెన్సు కింద పెట్టాలి. నెగెటివ్ అని రాయాలంటే కనీసం వంద ఫీల్డులు తిప్పి చూడాలి. స్టెయిన్ మరక ఉంటుంది, ధూళి ఉంటుంది, ప్లేట్‌లెట్టు ఎర్రకణం మీద కూర్చుని అచ్చం పురుగులా కనిపిస్తుంది. అసలైన ఉంగరం, అంటే ఎర్రకణంలో ఉంగరంలా కనిపించే మలేరియా పురుగు మాత్రం ఎక్కడో ఒక్కటి ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక, నలభయ్యో స్లైడు దగ్గర, కళ్ళు చూస్తూనే ఉంటాయి, మనసు చూడటం మానేస్తుంది. ఆ క్షణాన్ని గుర్తుపట్టి, ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూడటం, అదీ పని. నేర్పితే వచ్చేది పావు వంతు. మిగతాది ఏళ్ళ తరబడి చూస్తే వచ్చేది.

ఇంతకీ పాతకాపు గారూ, ఆవిడ దేంట్లో చూసేది? ఒక ఫిల్ములో లక్ష చుక్కలుంటే కదిలే చుక్క ఏదో ఎలా తెలిసేది?

చుక్కల_పాతకాపు
అక్కా, మీ జవాబు ముందు నాది దిగదుడుపే. అయినా మీ ప్రశ్నకి చెబుతాను.

ఆకాశంలో ఒకే ముక్కని ముప్పావుగంటో గంటో తేడాతో రెండుసార్లు ఫోటో తీసేవారు. గుండ్రంగా కత్తిరించిన ఫిల్ము, అరచేతి కంటే కాస్త పెద్దది. రాత్రి టెలిస్కోపు లోపల చీకట్లో ఫిల్ము పెట్టాలి, కొన్ని నిమిషాలపాటు ఒక నక్షత్రాన్ని తీగల మధ్య కదలకుండా పట్టి ఉంచాలి, దించాలి, డార్క్‌రూములో కడగాలి. మర్నాడు ఆ రెండు ఫిల్ముల్నీ స్టీరియో మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టేవారు. ఎడమ కన్ను ఒకదాన్ని చూస్తుంది, కుడి కన్ను రెండోదాన్ని. కదలని నక్షత్రాలన్నీ ఒకే మట్టాన చాప పరిచినట్టు ఉంటాయి. ఆ గంటలో కదిలినది ఏదైనా ఉంటే, అది ఆ చాప మీద నుంచి పైకి లేచి గాలిలో తేలినట్టు కనిపిస్తుంది, లేదా కిందికి కుంగినట్టు. కదిలిన దూరం వెంట్రుకవాసి. అదే లోతుగా మారి కంటికి తగులుతుంది.

ఈ పద్ధతిలో కరొలిన్ చూపు అసాధారణం. ఆ పనిలో మిగతావాళ్ళకంటే ముందుండేదనేది జీన్ స్వయంగా ఒప్పుకున్న విషయం. అయినా సగటున ఒక తోకచుక్కకి వంద గంటల వెతుకులాట పట్టేదట. 32 తోకచుక్కలు. గుణించి చూడండి.

కొత్త_పేజీ
అంటే అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాయి ఏరినట్టు! ఆడవాళ్ళకి ఆ ఓపిక పుట్టుకతోనే వస్తుంది.

ల్యాబ్_అక్క
కొత్త_పేజీ, కోపగించుకోవద్దు తల్లీ. ఆ పోలిక నాకు నచ్చదు. పుట్టుకతో వచ్చిందనగానే నేర్చుకున్నది పోతుంది. “ఓపిక” అని ఊరుకుంటే జీతం కూడా ఓపికకే ఇస్తారు, నైపుణ్యానికి ఇవ్వరు. మా అమ్మకి రాళ్ళు ఏరడం పుట్టుకతో రాలేదు, వాళ్ళమ్మ తిడితే వచ్చింది. నాకు ఉంగరం గుర్తుపట్టడం మొదటి ఏడాది రాలేదు. ఆ ఏడాది నేను తప్పు రాసిన ఒక స్లైడు నాకిప్పటికీ గుర్తు. పేషెంటుకి సమయానికి మందు అందింది, ఎందుకంటే నా పైన ఉన్న మేడమ్ మళ్ళీ చూశారు.

కొత్త_పేజీ
అక్కా, నిజమే. నేను అలా ఆలోచించలేదు. మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకిప్పుడు నలభై తొమ్మిది. పోయినేడే ఉద్యోగం మానేశాను. ఈ దారం మొదలైనప్పటి నుంచీ చదువుతూనే ఉన్నాను.

ఫ్లాగ్‌స్టాఫ్_దారిలో
నేను అరిజోనాలో ఉంటాను, ఫీనిక్స్ దగ్గర. జీన్ చదివిన ఆ గుంతని మొన్న వేసవిలో మళ్ళీ చూసొచ్చాం. ఎడారిలో రోడ్డు మీద వెళుతుంటే దూరానికి చిన్న గట్టులా ఉంటుంది, ఏమీ లేనట్టు. గట్టు ఎక్కి అంచు మీద నిలబడగానే కింద దాదాపు 1,200 మీటర్ల వెడల్పు, 170 మీటర్ల లోతు. 50 వేల ఏళ్ళ క్రితం పడిన రాయి. అడుగున ఉన్న మనుషులు చీమల్లా కూడా కనిపించరు. మా వాడు అంచున నిలబడి, “మళ్ళీ పడితే?” అన్నాడు. ఆ ప్రశ్నకే కదా ఆ దంపతులు జవాబు వెతికింది అనిపించింది.

కరొలిన్ చివరిదాకా ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే ఉన్నారు. 2021 ఆగస్టు 13న పోయారు, 92 ఏళ్ళు.

గుంటూరు_అమ్మ
అసలు ఆ 1993 రాత్రి ఏం జరిగింది? మా అమ్మాయికి అదే కావాలట. చార్టు మధ్యలో పెద్ద గడి వదిలేసి కూర్చుంది.

చుక్కల_పాతకాపు
అది చెప్పాలంటే పాడైన ఫిల్ములతో మొదలుపెట్టాలి.

పాలొమార్‌లో ఫిల్ముల డబ్బా ఎవరో తెరిచారు. వెలుతురు తగిలి ఫిల్ములు నల్లబడ్డాయి. పూర్తిగా కాదు, అంచుల్లో ఎక్కువ. మార్చి 23 రాత్రి కరొలిన్, జీన్, డేవిడ్ లెవీ, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫిలిప్ బెంజోయా అక్కడున్నారు. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. మంచి ఫిల్ము ఖరీదైనది, మబ్బులో వృథా చేయడం జీన్‌కి ఇష్టం లేదు. పాడైనవి ఎలాగూ పాడైనవే, వాటితో తీద్దాం అన్నాడు లెవీ. గురుగ్రహం దగ్గరి ఆకాశం అలా ఆ చెడిపోయిన ఫిల్ము మీద పడింది.

తర్వాత కరొలిన్ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఫిల్ము నిండా మసక. ఒక పక్క గురుగ్రహపు వెలుగు కాటుక పులిమినట్టు. అందులోంచి ఏదో తేలింది. తోకచుక్క అంటే మధ్యలో ఒక బొట్టు, వెనక ఒక తోక ఉండాలి. ఇది గీతలా సాగి ఉంది. ఎవరో తొక్కి నలిపిన తోకచుక్కలా ఉందని ఆవిడ పక్కవాళ్ళతో అంది. ఆవిడ అది చూసిన రోజు రాత్రే అరిజోనాలోని కిట్ పీక్ వేధశాలలో జిమ్ స్కాటీ పెద్ద టెలిస్కోపు తిప్పి చూస్తే, అది ఒక తోకచుక్క కాదు, వరుసగా అనేక ముక్కలు! దారానికి గుచ్చిన పూసల్లా.

తర్కం గారూ, మీరు అడిగినదానికి ఇదే నా జవాబు. ఆ ఫిల్ము మీద అది మచ్చ అనుకుని దాటేయడానికి సకల కారణాలూ ఉన్నాయి. గురుగ్రహం పక్కన వెలుతురు ప్రతిబింబాలు వస్తూనే ఉంటాయి, ఫిల్ము ఎలాగూ చెడిపోయింది, రూపం చూస్తే తోకచుక్కది కాదు. పదమూడేళ్ళుగా ప్రతి రకం మచ్చనీ చూసిన కన్ను కాబట్టే ఇది మచ్చ కాదని తెలిసింది.

తర్కం
చదివాను. ల్యాబ్_అక్క గారిదీ, మీదీ రెండుసార్లు చదివాను. “ఫిల్ములు చూసింది” అన్న మాట తేలిగ్గా వాడాను. నా పొరపాటే. ఒక్కటి అడుగుతాను, ఆ స్థలానికి ఆడవాళ్ళు అంతకుముందు వచ్చారా?

ఫ్లాగ్‌స్టాఫ్_దారిలో
వచ్చారు, కష్టం మీద. పాలొమార్‌లో పరిశీలనకి అధికారికంగా అనుమతి దొరికిన మొదటి స్త్రీ వేరా రూబిన్, అదీ 1965లో. అంతకుముందు మౌంట్ విల్సన్ వేధశాలలో మార్గరెట్ బర్బిడ్జ్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన పని చేసుకోవడానికి భర్త పేరు మీద సమయం తీసుకోవాల్సి వచ్చింది.

ఇంకో పేరు తప్పకుండా చెప్పాలి, ఎలినార్ హెలిన్. అదే 18 అంగుళాల టెలిస్కోపుతో 1973లో జీన్‌తో కలిసి ఆ సర్వే మొదలుపెట్టింది ఆవిడే. 1976లో అటెన్ అనే గ్రహశకలం కనిపెట్టింది. భూమి కక్ష్య కంటే చిన్న కక్ష్యలో తిరిగే ఆ కుటుంబానికంతటికీ అటెన్ పేరే పెట్టారు. కరొలిన్ కథ చెబుతూ హెలిన్‌ని మరిచిపోతే మళ్ళీ అదే తప్పు చేసినట్టు.

భాష_మాస్టారు
గుంటూరు_అమ్మ గారి అమ్మాయి రాసిన వాక్యం గురించి తెలుగు మాస్టారుగా ఒక మాట.

ఆ పాప తప్పు ఊరికే రాలేదు. మన పుస్తకాల్లో, పత్రికల్లో “షూమేకర్, లెవీ కనుగొన్నారు” అని ఉంటుంది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ‘కనుగొన్నారు’లో ఆ ‘రు’ ఇద్దరినీ, ముగ్గురినీ, ఆడనీ మగనీ అందరినీ కప్పేస్తుంది. గౌరవానికి వాడినా అంతే. పాప దాన్ని తన సొంత మాటల్లో రాసుకోవాలనుకున్నప్పుడు ‘డు’ పెట్టాలా ‘ది’ పెట్టాలా అనే దగ్గరకొచ్చింది. శాస్త్రవేత్త అనగానే చెయ్యి ‘డు’ వైపు పోయింది. పాపది కాదు, మా పాఠాలది ఆ అలవాటు. నేను ముప్పై ఏళ్ళు ‘శాస్త్రజ్ఞుడు’ అనే నల్లబల్ల మీద రాశాను.

గౌరవం పోకుండా మనిషి కనబడాలంటే సర్వనామం మన చేతిలో ఉంది: ‘ఆవిడ’. “కరొలిన్ షూమేకర్ ఆ ఫిల్ము చూశారు. ఆ మచ్చ తోకచుక్కేనని పసిగట్టింది ఆవిడే.” ఇలా రాయించండి అమ్మా. ఇంటిపేరు ఒక్కటే రాసి వదలకండి.

చుక్కల_పాతకాపు
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. నా మొదటి పోస్టులోనే ఆయనని ‘సామాన్యుడేం కాదు’ అని మూడు వాక్యాలు పొగిడాను, ఆవిడ చదువు దగ్గర ‘సైన్సు కాదు’ అని గుర్తుచేశాను. ఇప్పుడు చూసుకుంటే బాధగా ఉంది.

మిగిలిన కథ కూడా చెప్పేస్తాను. లెక్కలు కట్టాక తేలిందేంటంటే, అది సూర్యుడి చుట్టూ కాదు, గురుగ్రహం చుట్టూ తిరుగుతోంది. అలా ఒక గ్రహం చుట్టూ తిరుగుతూ కనబడిన మొదటి తోకచుక్క అదే. 1992 జూలైలో మరీ దగ్గరగా వెళ్ళి ఆ గ్రహం లాగుడుకి ముక్కలైంది. 1993 మేలో, తోకచుక్కల కక్ష్యలు లెక్కకట్టే బ్రయన్ మార్స్‌డెన్ ప్రకటించాడు, వచ్చే ఏడాది జూలైలో ముక్కలన్నీ గ్రహం మీద పడబోతున్నాయని. 1994 జూలై 16 నుంచి 22 దాకా ఒక్కొక్కటీ సెకనుకి 60 కిలోమీటర్ల వేగంతో పడింది. పడేచోటు మనకి కనబడని వైపు, అంచుకి కాస్త ఆవల. గ్రహం పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి మచ్చ కొద్ది నిమిషాల్లో ఇటు వచ్చేది. హబుల్ టెలిస్కోపుతో ఫోటోలు తీసిన బృందానికి నాయకురాలు హైడీ హామెల్. 18వ తేదీన పడ్డ ‘జి’ ముక్క (ముక్కలకి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు) చేసిన నల్ల మచ్చ భూమి అంత ఉంది.

నేనప్పుడు అనంతపురంలో. మా దగ్గర చిన్న టెలిస్కోపు, రెండున్నర అంగుళాలది. రోజూ సాయంత్రం మేడ ఎక్కేవాళ్ళం, గురుగ్రహం పైనే ఉండేది కానీ ఆషాఢ మాసపు మబ్బులు. 21న అనుకుంటా, మబ్బు చీలి పావుగంట సేపు దారి ఇచ్చింది. గ్రహం అంచు దగ్గర రెండు మచ్చలు, పెన్సిల్ ములికితో గుచ్చినట్టు. మా నాన్నగారు కళ్ళజోడు తీసి చూసి, “దెబ్బ తగిలిందిరా పాపం” అన్నారు. ఆ తోకచుక్కని మొదట పట్టినావిడ పేరు అప్పుడు మాకెవరికీ తెలియదు.

తర్కం
దాని వల్ల తర్వాత ఏమైనా మారిందా?

ఫ్లాగ్‌స్టాఫ్_దారిలో
చాలా. అప్పటిదాకా ‘ఆకాశం నుంచి రాళ్ళు పడతాయి’ అంటే పాతకాలపు సంగతి అనుకునేవారు. కళ్ళముందు ఒక గ్రహానికి అలా జరిగాక అమెరికా పార్లమెంటు సభ్యులే నాసాని ప్రణాళిక అడిగారు. 1998 నాటికి లక్ష్యం పెట్టారు: భూమి దగ్గరగా వచ్చే వాటిలో కిలోమీటరు కంటే పెద్దవి 90 శాతం పదేళ్ళలో వెతికి పట్టాలని. ఇప్పుడు ఆ పని కెమెరాలు, కంప్యూటర్లు చేస్తాయి.

తర్వాత ఆవిడకు వచ్చిన కష్టం కూడా చెప్పాలి. భార్యాభర్తలు ఏటా ఆస్ట్రేలియా వెళ్ళి ఉల్కాగుంతలు వెతికేవారు. 1997 జూలై 18న ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర ఎడారి మట్టిరోడ్డు మీద ఎదురుగా వచ్చిన బండి ఢీకొంది. జీన్ అక్కడికక్కడే పోయారు. ఆవిడకు తీవ్ర గాయాలు. ‘జి’ ముక్క పడి సరిగ్గా మూడేళ్ళు ఆ రోజుకి. ఆయన అస్థికల్లో కొంత లూనార్ ప్రాస్పెక్టర్ నౌకలో చంద్రుడికి పంపారు, 1999 జూలై 31న నౌక అక్కడ కూలింది. కరొలిన్ కోలుకున్నాక లొవెల్ వేధశాలలో మళ్ళీ పనికి వచ్చారు. నాకు ఈ ‘మళ్ళీ పనికి వచ్చారు’ అన్నచోట గొంతు పట్టేస్తుంది.

నిజామియా_మనవడు
మన వైపు నుంచి ఒక్క మాట. ఫోటోలో పడ్డ తోకచుక్కని కంటితో పట్టినవాళ్ళలో మన హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బాపు ఉన్నారు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. 1949లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగా తాను తీసిన ఫలకంలో ఆయనకి దొరికింది. బాపు-బోక్-న్యూకిర్క్ తోకచుక్క అంటే అదే.

గుంటూరు_అమ్మ
ఎంతమంది ఎంత రాశారో! అమ్మాయి చార్టు మొత్తం మళ్ళీ రాస్తానంది. పాతకాపు గారూ, ఒక సాయం. చాప మీద నుంచి చుక్క లేస్తుందన్నారే, అది పిల్లలకి చూపించే మార్గం ఉందా?

చుక్కల_పాతకాపు
ఉంది, ఇంట్లోనే చేయొచ్చు. నల్ల చార్టు మీద గుప్పెడు నూకలు చల్లండి. ఫోన్‌ని స్టాండు మీద కదలకుండా పెట్టి ఫోటో తీయండి. ఒక్క నూకని మాత్రం పుల్లతో కొద్దిగా పక్కకి, అడ్డంగా జరపండి. మళ్ళీ ఫోటో. రెండు ఫోటోల్నీ ఒక్కొక్కటీ రెండంగుళాల వెడల్పుకి మించకుండా ప్రింటు తీసి పక్కపక్కన అతికించండి. మధ్యలో పోస్టుకార్డు నిలువుగా పెట్టి దాని అంచుకి ముక్కు ఆనించి, ఎడమ కన్ను ఎడమ దాన్నీ కుడి కన్ను కుడి దాన్నీ చూసేలా, గోడకవతల దూరాన చూస్తున్నట్టు చూపు వదిలేయండి. రెండు బొమ్మలు మెల్లగా ఒకటవుతాయి. తొందరపడకూడదు.

గుంటూరు_అమ్మ
చేశాం! మొదటిసారి ఫ్యాను గాలికి నూకలన్నీ జరిగాయి, మళ్ళీ చల్లాం. ఏ నూక జరిపిందో అమ్మాయి నాకు చెప్పలేదు. నేను ఇరవై నిమిషాలు చూశాను, కళ్ళు నీళ్ళు కారాయి, రెండు బొమ్మలు రెండుగానే ఉన్నాయి. ల్యాబ్_అక్క గారి మాట గుర్తుచేసుకుని ఆపి, ముఖం కడుక్కుని మళ్ళీ కూర్చున్నాను. ఉన్నట్టుండి అంతా ఒకటైపోయి, ఎడమ పక్క కింది మూలలో ఒక్క నూక పైకి లేచి నిలబడింది. “ఇదే!” అని పుల్లతో చూపించాను. అదే.

ఇప్పుడు మా అత్తగారు పోస్టుకార్డుకి ముక్కు ఆనించుకుని కూర్చున్నారు. ఎవరినీ మాట్లాడనివ్వడం లేదు.